బోటు ఇంజన్ అరిగిపోతే బోరు చేయించాలా, కొత్తది దింపాలా?

మార్చి వచ్చిందంటే నరసాపురం నుంచి భైరవపాలెం దాకా ఏ రేవులో చూసినా ఇదే మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులే ఇంజన్ పనికి దొరికే ఖాళీ, కాబట్టి పాతదాన్ని విప్పించి బోరు చేయించాలా (అరిగిన సిలిండర్లు బాగు చేయించి, లోపలి సామాన్లు మార్పించడం) లేక అప్పో సప్పో చేసి కొత్తది దింపాలా అని. చాలామంది ఇంజన్ వయసు చూసి తేల్చేస్తారు. "పన్నెండేళ్లయింది, ఇంకెందుకు, తీసేయ్" అంటారు. వయసుని పక్కన పెట్టండి. చూడాల్సినవి మూడే: బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ మొండెం) ఎలా ఉంది, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంకొక గ్రైండింగుకి, అంటే అరిగినచోట చెక్కి నున్న చేయడానికి, నిలుస్తుందా, ఇన్నాళ్లూ ఆ ఇంజన్‌ని చల్లబరిచింది ఏ నీళ్లు. మిగతావన్నీ షాపులో కొనుక్కుంటే వచ్చే సామాన్లు.

ఒక పని మాత్రం నిషేధం మొదలయ్యేలోపే చేసుకోవాలి. ఇంజన్ పరీక్ష బోటు నీళ్లలో ఉండగా, లోడు మీద నడుస్తుండగా జరగాలి. బోటు ఒడ్డుకెక్కి, ఆయిలు దించేశాక ఎంత పేరున్న మెకానిక్ వచ్చినా ఊహ చెప్పగలడు అంతే. పైగా ఏప్రిల్ 15 తర్వాత కాకినాడలో లేత్ షాపుల ముందు క్రాంకులు వరసగా పేర్చి ఉంటాయి, మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేరు. మార్చిలోనే తేల్చుకున్నవాడు ఏప్రిల్ మొదటి వారంలోనే లేత్ వాడితో మాట్లాడుకుంటాడు.

అసలు అరిగింది ఇంజనేనా అన్నది ముందు చూడండి. "పికప్ పోయింది, నల్లపొగ కొడుతోంది, బోటు కదలట్లేదు" అనగానే బోరుకొచ్చిందని అనుకోవడం మామూలు. బోటు అడుగున గుల్ల (అంటుకుని పెరిగే పెంకుజీవులు) దట్టంగా పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఫ్యాన్ (ప్రొపెల్లర్) రెక్క వంగినా, షాఫ్టుకి వల ముక్కో తాడో చుట్టుకున్నా ఇంతే. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి గాలి అందకపోయినా నల్లపొగే, నాజిళ్లు సరిగ్గా చల్లకుండా కారుతున్నా నల్లపొగే. డీజిల్ ట్యాంకు అడుగున నీళ్లు చేరితే ఇంజన్ దగ్గుతుంది, ఆగుతుంది. నాజిళ్లు తీసి టెస్టు చేయించడానికి, ఫిల్టర్లు మార్చడానికి, అడుగు గీకించడానికి అయ్యే ఖర్చు, ఇంజన్ విప్పితే అయ్యే ఖర్చు ముందు ఏపాటిది? ముందు ఇవన్నీ చేయించి, ఒకసారి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా వెళ్లి వచ్చి, అప్పుడు కూడా అదే బాధ ఉంటే ఇంజన్ మీదకి రండి.

ఇప్పుడు పరీక్ష. తెల్లారగట్ల, రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ని స్టార్ట్ చేయండి. మొదటి నిమిషంలో తెల్లపొగ వచ్చి, వేడెక్కాక పోతే భయం లేదు. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తోంది, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో నీళ్లు తగ్గుతున్నాయి అంటే నీళ్లు సిలిండర్లోకి పోతున్నట్టు, హెడ్ గాస్కెట్టో, హెడ్ పగులో చూడాలి. నీలంపొగ అంటే ఆయిలు కాలుతోంది. అది రింగుల నుంచి కావచ్చు, వాల్వు గైడ్ల నుంచి కావచ్చు, టర్బో ఉంటే దాని సీలు నుంచి కూడా కావచ్చు. అందుకని నీలంపొగ చూడగానే ఫుల్ బోరు అని సంతకం పెట్టకండి.

బాగా వేడెక్కాక, స్లోలో (రేజు ఇవ్వకుండా) ఉండగా, ఆయిలు పోసే మూతని మెల్లగా వదులు చేయండి. చెయ్యి జాగ్రత్త, వేడి ఆయిలు చిమ్ముతుంది. మూతని తీసి పక్కన పెట్టేయకుండా, బోల్తా కొట్టి ఆ రంధ్రం మీదే ఆనించి చూడండి. కొంచెం అదిరినట్టు ఉండి అక్కడే కూర్చుంటే రింగులు ఇంకా పట్టు మీద ఉన్నట్టే. మూత ఎగిరెగిరి పడుతూ, దాని చుట్టూ నుంచి పొగ తెరలు తెరలుగా కక్కుతుంటే కాలిన గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందకి దిగుతోందన్నమాట. కాస్త గ్యాసు ప్రతి ఇంజన్లోనూ దిగుతుంది, కొత్తదాంట్లోనూ దిగుతుంది. అందుకని ఒక్కసారి చూసి తేల్చకుండా వీలైతే అదే మోడల్ బాగున్న ఇంజన్ మీద కూడా చూడండి, రేవులో పక్క బోటు వాళ్లు కాదనరు. ఆ తేడా ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత డిప్‌స్టిక్. ఆయిలు మజ్జిగలా తెల్లగా అయితే నీళ్లు కలిసినట్టు, ఆ ఇంజన్‌ని ఇంకొక్క ట్రిప్పు కూడా పంపకండి, ఉప్పునీళ్లు కలిసిన ఆయిలుతో బేరింగులు చాలా త్వరగా పోతాయి. ఆయిలు మట్టం తగ్గకపోగా పెరుగుతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన వస్తోంది అంటే డీజిల్ కిందకి కారుతోంది. పలచబడ్డ ఆయిలుతో ప్రెషరు ఎలాగూ పడిపోతుంది, దాన్ని చూసి బేరింగులు పోయాయనుకుని క్రాంకు దింపేస్తారు కొందరు. ఆయిల్ ప్రెషరు చూసేటప్పుడు కూడా బోర్డు మీదున్న మీటర్ని నమ్మకుండా మెకానిక్ చేత వేరే గేజి పెట్టించి చూడండి. కొత్త ఆయిలు పోసి, బాగా వేడెక్కాక, స్లోలో ప్రెషరు కంపెనీ చెప్పినదానికి కింద పడిపోతుంటే, దానికి తోడు లోడు మీద కింద నుంచి బరువుగా డబ్ డబ్ మని కొడుతుంటే, అప్పుడు బేరింగులు, క్రాంకు సంగతే.

కంప్రెషన్ టెస్టు (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసేది) తప్పకుండా చేయించండి. నాజిల్ తీసిన రంధ్రంలో గేజి పెట్టి ఒక్కొక్క సిలిండరూ చూస్తారు. అన్ని సిలిండర్లూ సమానంగా తగ్గాయా, ఒక్కటే పడిపోయిందా అన్నది ముఖ్యం. అన్నీ సమానంగా తగ్గితే అది అరుగుదల. ఒక్కటే పడిపోతే ఆ సిలిండర్లో వాల్వు కాలిందో, రింగు విరిగిందో, ఏదో ఒక్క లోపం ఉంది, హెడ్ ఒక్కటి దించి చూస్తే సరిపోవచ్చు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గాస్కెట్ తెగి ఉంటుంది.

ఇంక నీళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బయట ఎవరు రాసిన సలహా చదివినా మన గోదావరి పాయల్లో ఉండే పరిస్థితి అందులో ఉండదు. మన ఇంజన్ ఏడాదిలో రెండు రకాల నీళ్లు తాగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద నీళ్లు, ఎర్రగా, ఒండ్రుతో. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అంటేనే 10 లక్షల క్యూసెక్కులు, అంత నీరు మోసుకొచ్చే సన్న ఇసుక పంపు ఇంపెల్లర్‌ని, సీళ్లని అరగదీస్తుంది, హీట్ ఎక్స్ఛేంజర్ (బయటి నీళ్లతో ఇంజన్ లోపలి నీళ్లని చల్లబరిచేది) గొట్టాల్లో బురద పేరుకుంటుంది. ఎండాకాలం వచ్చేసరికి నది పారుదల పడిపోయి, పోటుకి సముద్రం నీళ్లు పాయల్లోకి చాలా లోపలికి ఎక్కొస్తాయి. అప్పుడు నదిలో తిరిగే బోటు కూడా ఉప్పునీళ్లే తాగుతుంది. నది బోటు కదా, ఉప్పు బాధ మాకెందుకు అనుకునేవాళ్లు యానాం, కోటిపల్లి వైపు కనిపిస్తారు. బ్లాకు విప్పి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మీ ఇంజన్‌లోకి నది నీళ్లు నేరుగా పోతాయా, లేక లోపల మంచినీళ్లూ కూలెంటూ తిరుగుతూ బయట నీళ్లు హీట్ ఎక్స్ఛేంజర్ వరకే వస్తాయా, లేదా ఆ లోపలి నీళ్లు బోటు అడుగున గొట్టాల్లో చల్లబడతాయా అన్నది చూసుకోండి. కూలెంటు వాడుతూ మూసి ఉన్న సర్క్యూటైతే, ఇంజన్ పాతదైనా బ్లాకు బాగుండే అవకాశం ఎక్కువ, బోరు చేయించడానికి అర్థం ఉంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు నేరుగా తిరిగిన బ్లాకు మీద నాకు నమ్మకం లేదు. పైకి రంగేసి బాగానే ఉంటుంది. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) తీసి, దాని వెనక నీళ్లు తిరిగే చోట, కింద ఓ-రింగు కూర్చునే గాడి దగ్గర వేలు పెట్టి చూస్తే పొరలు పొరలుగా తుప్పు రాలుతుంది. ఆ గాడి తినేసి ఉంటే కొత్త లైనర్ ఎంత మంచిది వేసినా కింద నుంచి ఆయిల్లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ బ్లాకు మీద రూపాయి పెట్టకండి.

విప్పే రోజు మీరు అక్కడ ఉండాలి. మెకానిక్‌తో మాట ముందే రెండు భాగాలుగా చేసుకోండి: విప్పి, కడిగి, కొలతలు చెప్పడానికి ఇంత, ఆ తర్వాత ముందుకెళ్తే పనికి ఇంత. "మొత్తం నాకొదిలెయ్యండి, చేసి ఇస్తా" అనే ఒప్పందంలో విప్పేశాక వెనక్కి రాలేరు, ముక్కలైన ఇంజన్ షెడ్డులో పడుంటే బేరం ఆడే బలం మీకు ఉండదు. మంచి మెకానిక్ ఎవరూ దీనికి అభ్యంతరం చెప్పరు.

హెడ్ తీయగానే సిలిండర్ పైఅంచు కింద గోరు పెట్టి లాగండి. పై రింగు తిరిగి వెనక్కొచ్చే చోట మెట్టులా తగులుతుంది. గోరు ఆగిపోయేంత మెట్టు ఉంటే లైనర్ అరిగింది. ఎంత అరిగిందో బోర్ గేజితో పైన, మధ్య, కింద, అడ్డంగా నిలువుగా కొలిచి రాసిమ్మనండి, మీ ఇంజన్ మాన్యువల్లో ఉన్న లిమిట్ పక్కన పెట్టి చూడండి. మార్చుకునే లైనర్లున్న ఇంజన్‌కి ఈ అరుగుదల పెద్ద విషయం కాదు, లైనర్, పిస్టన్, రింగులు సెట్టుగా దొరుకుతాయి. లైనర్ లేని బ్లాకుకైతే బోరు పెంచి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి, అది ఇంతకుముందే చివరి సైజుకి పోయి ఉంటే కొత్తగా స్లీవు వేయాలి, ఖర్చు పెరుగుతుంది.

క్రాంకు దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఇప్పటికి ఎన్నో గ్రైండింగు? బేరింగు వెనక ముద్ర ఉంటుంది: స్టాండర్డు, 10, 20, 30 అని (అంగుళంలో వెయ్యో వంతుల్లో), లేదా మిల్లీమీటర్లలో 0.25, 0.50, 0.75 అని. ఇప్పుడు 10 మీద ఉంటే 20కి పోతారు, ఇబ్బంది లేదు. 30 దాటి ఉంటే ఆ క్రాంకు మీద ఇంకో కోత అంటే దాని మీద కూర్చుని సముద్రంలోకి వెళ్లడం, నేనైతే ఒప్పుకోను. వంపు, పగులు కూడా లేత్ షాపులో చూపించాలి. కొన్ని క్రాంకులకి పైపొర గట్టిపరిచి ఉంటుంది, గ్రైండింగులో ఆ పొర పోతే మళ్లీ గట్టిపరచాలి, లేకపోతే త్వరగా అరుగుతుంది. ఒకసారి వేడెక్కి పట్టేసిన ఇంజనైతే హెడ్డు, బ్లాకు పైముఖం రెండూ స్కేలు ఆనించి చూడాలి, వంపు ఉంటే ఫేసింగు (ముఖాన్ని చెక్కి చదును చేయడం). హెడ్డు ఇప్పటికే రెండు మూడుసార్లు ఫేసింగు అయి ఉంటే కొత్త హెడ్డు ధర లెక్కలో కలపండి.

ఇప్పుడు డబ్బు. అందరూ తప్పు పోలిక చేసేది ఇక్కడే. బోరు సెట్టు ధరని కొత్త ఇంజన్ ధర పక్కన పెడతారు. బోరు ఖర్చులో రాయాల్సినవి: లైనర్ పిస్టన్ సెట్టు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు, హెడ్డు పని, వాల్వులు, గైడ్లు, ఆయిల్ పంపు, నీళ్ల పంపు, ఇంజెక్షన్ పంపు కాలిబ్రేషన్, నాజిళ్లు, హీట్ ఎక్స్ఛేంజర్ క్లీనింగు, గాస్కెట్ కిట్టు, ఆయిలు, కూలీ, క్రేనో చైన్ పుల్లీయో పెట్టి దింపి ఎక్కించే ఖర్చు. వీటిలో ఆయిల్ పంపు, హీట్ ఎక్స్ఛేంజర్ వదిలేసి డబ్బు మిగిల్చామనుకునేవాళ్లే ఆరు నెలల్లో మళ్లీ విప్పుతారు. అలాగే కొత్తదాని వైపు కూడా ఇంజన్ ధర ఒక్కటే రాస్తే చాలదు. బెడ్డు మార్పు, కప్లింగు, గేరు బాక్సు సరిపోతుందా లేదా, షాఫ్టు, ఫ్యాను, సైలెన్సర్ లైను, వైరింగు, ఇవన్నీ కలపండి. రెండు మొత్తాలూ వచ్చాక నా లెక్క ఇది: బ్లాకు, క్రాంకు బాగుండి బోరు మొత్తం కొత్తదాని మొత్తంలో సగం లోపు ఉంటే బోరు చేయించండి. మూడింట రెండు వంతుల దగ్గరికి పోతుంటే కొత్తది. మధ్యలో ఉంటే విడిభాగాల సంగతి చూడండి. అశోక్ లేలాండ్, కిర్లోస్కర్ లాంటి వాటికి సామాను దగ్గర్లో దొరుకుతుంది, చేయి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు, కాబట్టి బోరు వైపు మొగ్గొచ్చు. పిస్టన్ కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సిన ఇంజనైతే సీజన్ మధ్యలో ఆగినప్పుడు మీ పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

డీజిల్ లెక్క కూడా వేయండి. మంచి డీజిల్ ఇంజన్ ఫుల్ లోడు మీద హార్స్ పవర్‌కి గంటకి సుమారు 0.2 లీటరు తాగుతుంది. వంద హెచ్‌పీ ఇంజన్‌ని డెబ్బై హెచ్‌పీ మీద నడిపితే గంటకి 14 లీటర్లు. అరిగిన ఇంజన్ దానికి ఏడో వంతు ఎక్కువ తాగుతోందనుకుందాం, గంటకి రెండు లీటర్లు, రోజుకి పది గంటలు నడిస్తే 20 లీటర్లు. వేటకెళ్లే రోజులతో గుణించి చూసుకోండి, పని వాయిదా వేస్తూ పోవడం ఎంత ఖరీదో అర్థమవుతుంది. మీది నిజంగా ఎంత ఎక్కువ తాగుతోందో తెలియాలంటే ట్యాంకుని అంచు దాకా నింపి, గంటలు రాసుకుని, వచ్చాక మళ్లీ అంచు దాకా నింపి చూడటమే.

ఫైబర్ బోట్ల మీద వేసే పది హెచ్‌పీ లోపు చిన్న ఇంజన్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు. రింగులు, వాల్వులు, నాజిల్ వరకు అయితే చేయించండి. క్రాంకు దాకా వచ్చిందంటే మార్చేయడమే మేలు, గ్రైండింగు, బేరింగు, కూలీ కలిపితే కొత్తదానికి దగ్గరగా పోతుంది. వరదకో తుఫానుకో మునిగిన ఇంజన్ మాత్రం వేరే కేసు. తేలగానే స్టార్ట్ చేయకండి, సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. నాజిళ్లు తీసి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపి, ఆయిలు మార్చి, ఆ రోజే చేస్తే చాలావరకు బతుకుతుంది. వారం వదిలేస్తే లోపలంతా పట్టేస్తుంది.

కొత్తదే అని తేలితే హెచ్‌పీ దగ్గర ఆశ పడకండి. మా బంధువుల బోటుకి పాతదానికంటే పెద్ద ఇంజన్ దింపి ఫ్యాను మాత్రం పాతదే ఉంచారు. స్పీడు దాదాపు అంతే, డీజిల్ మాత్రం పెరిగింది. నీళ్లని తోసుకుంటూ పోయే బోటుకి పొడవుని బట్టి ఒక హద్దు ఉంటుంది, నీటిగీత దగ్గర 36 అడుగులున్న బోటుకి అది సుమారు 8 నాట్లు (గంటకి దాదాపు 15 కిలోమీటర్లు). ఆ పైన ఎన్ని గుర్రాలు కట్టినా అల లేస్తుంది తప్ప బోటు పెద్దగా కదలదు. మీ పాత ఇంజన్ బాగున్న రోజుల్లో చాలిందా లేదా అన్నదే సైజు. ఫ్యాను, గేరు రేషియో మాత్రం కొత్త ఇంజన్‌కి తగ్గట్టు లెక్క కట్టించాలి. సరిగ్గా కుదిరిందో లేదో ట్రయల్లో తెలుస్తుంది: మామూలుగా మోసే బరువుతో, ఫుల్ రేజులో ఇంజన్ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎంకి చేరాలి. రెండు మూడు వందలు తక్కువలో ఆగిపోయి నల్లపొగ కొడితే ఫ్యాను బరువెక్కువ, కొత్త ఇంజన్ కూడా అలా నడిస్తే త్వరగా పాడైపోతుంది.

లారీ నుంచి దింపిన సెకండ్ హ్యాండు ఇంజన్ చవగ్గా వస్తుంది. తీసుకోవచ్చు, కానీ నడుస్తుండగా, పైన చెప్పిన పరీక్షలన్నీ అయ్యాకే, మెరైన్ కూలింగుకీ ఎగ్జాస్టుకీ మార్చే ఖర్చు కలుపుకునే. "నిన్నటిదాకా బాగా నడిచిందండి" అని కింద పెట్టి చూపించే ఇంజన్‌ని కొనకండి.

ఏది దింపినా అలైన్‌మెంటు ఒడ్డు మీద సరిచూసి వదిలేయకండి. బోటు నీళ్లలోకి దిగి ఒకటి రెండు రోజులు నానాక, చెక్క బోటైతే మరీను, ఒళ్లు కాస్త మారుతుంది. అప్పుడు కప్లింగు బోల్టులు వదులు చేసి రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజితో నాలుగు వైపులా చూడాలి. పది సెంటీమీటర్ల కప్లింగుకి తేడా 0.1 మిల్లీమీటర్ లోపు ఉండాలి. ఇది చూడకపోతే గేరు బాక్సు సీలు, షాఫ్టు బుష్షు వరసగా పోతాయి, నింద కొత్త ఇంజన్ మీద పడుతుంది.

ఇంజన్ మారితే నంబరు మారుతుంది. బోటు రిజిస్ట్రేషన్‌లో, లైసెన్సులో, ఇన్సూరెన్సులో ఉన్న నంబరు కూడా మార్పించుకోండి, ముందుగా మీ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కలిస్తే ఏ కాగితాలు కావాలో చెప్తారు. కొనే ముందే కలవండి, సబ్సిడీ ఏదైనా ఉంటే బిల్లు ఎవరి పేరున ఎలా ఉండాలో అప్పుడే తెలుస్తుంది.

బోరు చేయించిన ఇంజన్‌ని మొదటి రోజే మొగ దాటించి ఫుల్ రేజు కొట్టకండి. అలాగని గంటల తరబడి స్లోలో వదిలేయడం కూడా మంచిది కాదు, రింగులు లైనర్‌తో ఒరుసుకుని కూర్చోవాలంటే కొంత లోడు కావాలి. నదిలోనే, సగం నుంచి ముప్పావు లోడు మీద, రేజు మారుస్తూ నడపండి, టెంపరేచరు, ప్రెషరు చూస్తూ ఉండండి. అంతర్వేది దగ్గర వశిష్ట మొగలో గానీ ఓడలరేవు దగ్గర వైనతేయ మొగలో గానీ ఇసుక మేటల మీద అల విరుగుతుండగా ఇంజన్ ఆగితే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు, అందుకని నదిలో రెండు మూడు రోజులు నమ్మకంగా నడిచాకే మొగ దాటించండి. మొదటి 50 గంటలకి ఆయిలు, ఫిల్టరు మార్చి, హెడ్డు బోల్టుల టార్కు మళ్లీ చూడాలా అని మెకానిక్‌ని అడగండి, కొన్ని ఇంజన్లకి తప్పనిసరి. దించిన ఆయిలుని తెల్లటి గుడ్డలో వడగట్టి చూడండి. సన్న నలుసులు మామూలే. గోటితో తీయగలిగేంత మెరిసే పలుకులు కనిపిస్తే బోటుని కట్టేసి, కూలీ పూర్తిగా ఇచ్చేసి ఉన్నా సరే, మెకానిక్‌ని పిలిపించండి.